సిస్టరమ్మ బండి

నిన్న పొద్దున నా షెడ్డు ముందర నిలబెట్టిన ఒక పొక్లెయిను నూనె గొట్టం పగిలింది. వేడి నూనె చిమ్మి సిమెంటు గచ్చు మీద పరుచుకుంది. ఆ వాసన డీజిలుది కాదు, ఇంజనాయిలుదీ కాదు. గొంతులో పట్టుకునే ఒక రకం జిడ్డు తీపి. డ్రైవరు నన్ను పిలుస్తూనే ఉన్నాడు. నేను పానా చేత్తో పట్టుకుని ఆ మరకను చూస్తూ నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు రూతమ్మ గుర్తుకొస్తుంది. ఆళ్లగడ్డలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. జీవితమంతా నర్సుగా పనిచేసింది కాబట్టి ఊరందరికీ ఆమె సిస్టరమ్మ. ఆమెను ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొండి మనిషి అని తీసిపారేసినవాళ్లకు జవాబుగా కూడా రాస్తున్నాను.

మాది నంద్యాలలో కిరాణా వ్యాపారం చేసుకునే ఇల్లు. కొట్లో కూర్చోకుండా ఆత్మకూరు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసి బండ్లు బాగుచేయడం మొదలుపెడితే, శెట్టి కొడుకు పానాలు పట్టడమేమిటని బజారంతా నవ్వింది. నాయన నాతో మాట్లాడటం మానేశాడు. వచ్చే బండ్లు కూడా అంతంతమాత్రమే. వానలు పడేలోగా షెడ్డు మూసేసి కొట్లో కూర్చుందామని లోలోపల తీర్మానించుకున్నాను. సరిగ్గా ఆ రోజుల్లో ఒక లారీ మీదికెక్కించి బూడిదరంగు కారు ఒకదాన్ని తెచ్చారు. పొడవాటి ముక్కు, అంతకంటే పొడవాటి వెనకభాగం. నాలుగు చక్రాలనూ లోపలికి మింగేసినట్టు, పొట్ట దాదాపు కిందికి ఆని ఉంది. లారీ క్యాబిను లోంచి తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దామె దిగింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"కారు."

"కారని తెలుస్తాంది. ఇట్ల కూలబడిందేందని అడుగుతాండా."

"దీనికి స్ప్రింగులు లేవు నాయనా. నూనె మీద నిలబడే బండి ఇది. పైపులన్నీ కారిపోతాండాయి. ఆళ్లగడ్డలో పాత ఇనుముకు వేసుకోమన్నారు. నువ్వేమంటావో విందామని వచ్చినా."

వంగి చూశాను. చక్రాల దగ్గర నాలుగు ఇనుప గుండ్లు. ఇంజను నుంచి వాటి దాకా అడుగంతా అల్లుకుపోయిన సన్నటి ఇనుప పైపులు, తుప్పు పట్టి, అక్కడక్కడా ఎవరో చుట్టిన గుడ్డలూ సైకిలు ట్యూబు ముక్కలూ. బ్రేకులకు కూడా ఆ నూనే ఆధారమని చూడగానే నాకు భయం వేసింది. లేచి చేతులు దులుపుకుని, "ఇది కుదరదమ్మా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కుదరదా, నీకు రాదా? రెండూ ఒకటి కాదు. రాదంటే నేర్చుకుంటావు. కుదరదంటే ఇంటికి పోతావు. ఈ రెంట్లో యాది నీది?"

నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే బండిని దింపించాను.

ఆ కారు ఫ్రాన్సులో తయారైంది. సిస్టరమ్మ పనిచేసిన చిన్న ఆసుపత్రిలో ఉన్న విదేశీ డాక్టరు ఊరు విడిచిపోతూ ఆమెకు ఇచ్చిపోయాడు. ఆసుపత్రి మూతపడింది. ఆమె ఉద్యోగం అయిపోయింది. బండి మాత్రం ఆగలేదు. చాగలమర్రి వైపు పల్లెల్లో నొప్పులు పడుతున్న ఆడవాళ్లను, ఎముకలు విరిగినవాళ్లను వెనక సీటు మడిచి పడుకోబెట్టి ఆమే నడుపుకుంటూ నంద్యాలకు తెచ్చేది. ఆ నూనె మీద తేలే బండికి గుంతల దారైనా ఒకటే, తారు రోడ్డైనా ఒకటే. "ఇంకే బండిలో తెచ్చినా దారెంబడీ కేకలే నాయనా. దీంట్లో నిద్రపోయినోళ్లుండారు" అని చెప్పింది. పాత ఇనుము అన్నవాళ్లెవరూ ఆ వెనకసీటులో పడుకున్నవాళ్లు కారు.

పని మొదలుపెట్టాక ఆమె రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చునేది. పైపుల నిండా పాత జిడ్డు పేరుకుని ఉండటంతో నూనె ఎక్కడ కారుతోందో నాకు అంతుపట్టలేదు. ఆమె చీర కొంగు దోపుకుని లేచింది. "రక్తం యాడ కారతాందో తెలియాలంటే ముందు తుడవాల. తుడవకుండా కట్టు కడితే పుండు లోపలే ఉంటాది" అంది. ఇద్దరం కలిసి పైపులన్నీ కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాం. అప్పుడు ఆమె తన సంచిలోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి పైపుల పొడవునా చల్లింది. ఇంజను తిప్పితే, కారే చోటల్లా తెల్లటి పౌడరు మీద తడి మచ్చ తేలింది. నేను పడీపడీ నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఇంకొక మచ్చ అదిగో, ఆడ" అని చూపించింది.

ఒకరోజు మధ్యాహ్నం నాయన వచ్చాడు. చెప్పులు బయట విడవకుండా గడపలోనే నిలబడ్డాడు. "కొట్లో కూర్చోవాల్సినోనివి ఈడ నూనె గుడ్డలు పిండుకుంటాండావు. ఈమె మొండితనానికి నువ్వొకనివి దొరికినావు. చాలు, రా ఇంటికి" అన్నాడు.

నేను కారు కింద పడుకుని ఉన్నాను. సిస్టరమ్మే మాట్లాడింది. "శెట్టిగారూ, మీ తక్కెడ తప్పు తూగితే బాగుచేసుకుంటారా, కొట్టుకు తాళమేస్తారా?"

"తక్కెడ సంగతి వేరు."

"వేరేమీ కాదు. మీవాడు బాగుచేస్తాండాడు. వాణ్ణి కిందనుంచి లేపొద్దు. మధ్యలో లేస్తే నా బండి పాడైపోతాది."

నాయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మనసు మార్చుకున్నాడని రాస్తే బాగుంటుంది గానీ, మార్చుకోలేదు. ఆ తరువాత కూడా చాలాకాలం మాట్లాడలేదు. మారింది నేను. షెడ్డు మూసే ఆలోచన ఆ మధ్యాహ్నంతో పోయింది.

మొదట ఫ్రిజ్జులకు వాడే రాగి పైపు వేశాను. వంచడం తేలిక, చూడటానికి అందం. షెడ్డులో బండి చక్కగా లేచి నిలబడింది. ఖాళీ బండితో పరీక్షకు బయలుదేరితే శిరివెళ్ల దాటకముందే పైపు చీలి, బండి రోడ్డు పక్కన మళ్లీ కూలబడింది. తిట్టుకుంటూ దిగాను. ఆమె మాత్రం తీరిగ్గా దిగి, "సరే, రాగి పనికిరాదని తెలిసింది. ఇంకేముండాయి?" అంది. అప్పుడే లారీల డీజిలు పంపు నుంచి ఇంజనుకు పోయే ఉక్కు పైపులు గుర్తొచ్చాయి. అవీ సన్నటివే, అంతకంటే ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకునేవి. వాటిని తయారుచేసే ఒక పనివాడు ఊళ్లోనే ఉన్నాడు. అతని పక్కన కూర్చుని పాత పైపుల వంపులు చూసుకుంటూ ఒక్కొక్కటే వంచి, కొసలు తీర్చి, కొత్త రబ్బర్లు వేసి బిగించాం. ఈసారి బండి లేచింది. ఆవు లేచినట్టు ముందు వెనకభాగం, తరువాత ముక్కు. రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున వచ్చి చూస్తే కింద పరిచిన కాగితం పొడిగా ఉంది.

ఆ వానాకాలంలో ఒకరోజు పైపులు చూసిపోదామని ఆళ్లగడ్డకు వెళ్లాను. కాఫీ తాగుతుండగానే ఆమెకు ఫోను వచ్చింది. ఒక పల్లెలో ఓబులేసు అనే బేల్దారి గోడ కడుతూ సారువ కర్రల మీదినుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు. దారిలో కల్వర్టు కోసం రోడ్డు తవ్వేసి ఉంది. పక్కన వేసిన మట్టిదారి నీళ్లలో మునిగి, అంబులెన్సు ఇవతలే ఆగిపోయింది. మనిషిని ట్రాక్టరు ట్రాలీలో వేసి దాటిస్తామని ఊళ్లోవాళ్లు అంటున్నారు.

"ట్రాలీలో వద్దు! ఉన్నచోటే కదలకుండా పెట్టండి, వస్తాండా" అని అరిచి ఆమె తాళాలు అందుకుంది. "బేగా రా నాయనా."

మేము చేరేసరికి నీటి ఒడ్డున జనం గుమిగూడి ఉన్నారు. సిస్టరమ్మ నన్ను కర్రతో నీళ్లలోకి దింపి లోతు కొలిపించింది. నీళ్లు పారడం లేదు, మోకాలి దాకా ఉన్నాయి. కింద రాళ్లూ గుంతలూ. రోడ్డు పనివాళ్ల మేస్త్రీ అడ్డం వచ్చాడు. "ఏందీ సిస్టరమ్మా, ఆ తుక్కు బండిని నమ్ముకొని నీళ్లలోకి పోతావా?"

"తుక్కో కాదో దాటినాక మాట్లాడుకుందాం. పక్కకు జరుగు."

సీటు పక్కనున్న మీట వెనక్కి లాగింది. బండి మెల్లగా ఇంకా పైకి, ఇంకా పైకి లేచింది. జనం రెండడుగులు వెనక్కి జరిగారు. అంబులెన్సులో ఉన్నతను స్ట్రెచరు తీసుకుని మాతో ఎక్కాడు. నేను ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్క పైపునూ మనసులో తడుముకుంటున్నాను. నా చేత్తో బిగించిన ఒక్క కొస ఊడినా బండి ఆ నీళ్లలోనే కూర్చుంటుంది. దాటాం. ఓబులేసును స్ట్రెచరు మీద కట్టి పడుకోబెట్టి తిరిగి వచ్చాం. నీళ్లలో బండి ఊగింది గానీ కుదపలేదు. ఓబులేసు ఒక్కసారి కూడా కేక పెట్టలేదు. ఇవతలికి వచ్చాక, మళ్లీ దించి ఎక్కించడం మంచిది కాదని అంబులెన్సు అతనే అన్నాడు. దాంతో అంబులెన్సు మోత మోగించుకుంటూ ముందు నడిచింది. దాని వెనకే ఆ పాత కారు నంద్యాల దాకా తేలుతూ వచ్చింది.

ఓబులేసు బతికాడు. ఒక కాలు ఈడుస్తాడు, కానీ నడుస్తాడు. ఆ రోజు ఆసుపత్రి ఆవరణలో నేను బండి కిందికి దూరి చూసి, "ఒక్క చుక్క కూడా కారలేదమ్మా!" అని గంతులేసినంత పని చేశాను. ఆమె చేతులు కడుక్కుంటూ, "కారతాది. రేపో ఎల్లుండో మళ్లీ కారతాది. మళ్లీ చేస్తావు. దానికేముండాది?" అంది. నాకు ఇంతవరకూ ఎవరూ అంతకంటే పెద్ద మెప్పు ఇవ్వలేదు.

పోయిన ఎండాకాలంలో సిస్టరమ్మ చనిపోయింది. మట్టి చేసి వచ్చాక బనగానపల్లెలో ఉండే ఆమె తమ్ముడి కొడుకు, మంచి మనిషే, నా దగ్గరికి వచ్చి, "అత్త పొయ్యింది. ఇంక ఈ బండిని నడిపేటోళ్లు ఎవురుండారన్నా? ఏం చేద్దామంటావు?" అని అడిగాడు. తాళాలు ఇటివ్వమని చెయ్యి చాపాను. అతను నా మొహం చూసి ఇచ్చాడు.

వారం తిరక్కుండానే ఏదో పల్లె నుంచి ఫోను వచ్చింది. అవతల ఎవరో ముసలాయన. కోడలికి నెలలు నిండాయి, దారి బాగాలేదు. "సిస్టరమ్మ పొయ్యిందంట గదప్పా. మరి బండి వస్తాదా?"

షెడ్డులో మూడు బండ్లు విప్పి పడేసి ఉన్నాయి. చేతులు గుడ్డకు తుడుచుకున్నాను.

"వస్తాది" అన్నాను.