తలుపు చూపని సినిమా

మొన్న పొద్దున ఇబ్రహీంపట్నం నుంచి ఫోన్ వచ్చింది. అక్క నిద్రలోనే పోయిందని వాళ్ళ తమ్ముడు చెప్పాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికి గుంటూరు నుంచి ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడు నేను అద్దెకు దిగిన ఇల్లు ఆమెది. ఓనరమ్మ అని పిలిస్తే ఊరుకోలేదు, అక్కా అనమంది.

ఆమె సర్కారు బడిలో సోషల్ చెప్పేది. యూనివర్సిటీలో చదివేటప్పుడు ఫిల్మ్ క్లబ్బులో అంటుకున్న పిచ్చి ఆమెను వదల్లేదు. కోఠి ఫుట్‌పాత్ మీద వెతికి ఎక్కడెక్కడి దేశాల సినిమాలో తెచ్చేది. ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి టీవీలో పెట్టేది. పాటలుండవు, చాలావాటికి ముగింపూ ఉండదు. మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది. సినిమా అయ్యాక ఆమె వెంటనే లైటు వేసేది కాదు. నేనేదో ఒక మాట అనేదాకా చీకట్లోనే కూర్చునేది.

సాగర్ రోడ్డు పొడుగునా చేలల్లో ప్లాట్ల తెల్ల హద్దురాళ్ళు లేస్తున్న కాలం అది. ప్లాట్లు అమ్మించే పనిలో దిగిన ఆమె భర్త, ఎవరికో భూమి చూపించి వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఒక వెంచర్‌లో రాళ్ళ మధ్య స్టాండ్ వేసిన స్కూటర్ దొరికింది. మనిషి దొరకలేదు. బావులు వెతికారు, పోలీసులు తిరిగారు. ఇదంతా నేను రాకముందే జరిగింది. నేనున్నప్పుడు అత్తవారి వైపు వాళ్ళు కర్మ చేయించమని పోరుతుండేవారు. ఆమె ఒప్పుకునేది కాదు.

ఇంత బాధలో ఈ చీకటి సినిమాలెందుకని ఒకసారి అడిగాను.

“మన సినిమాల్ల పోయినోడు ఆఖర్ల వస్తడు చెల్లె. ఇవి గట్ల అబద్ధం చెప్పయ్” అంది.

ఆమెకు బాగా ఇష్టమైన సినిమా ఒకటుంది. మంచు కురిసే ఊళ్ళో తల్లీ కూతురూ ఉంటారు. బయట ఎవరో తిరుగుతుంటారు. తలుపు చప్పుడైనప్పుడల్లా వాళ్ళ మొహాలే కనిపిస్తాయి గాని, కెమెరా ఒక్కసారీ తలుపు వైపు తిరగదు. “భయాన్ని చూపెడితె ఆడికే అయిపోతది. గీ డైరెక్టర్ మొహాలే చూపెడ్తడు. తలుపు మనమే అనుకోవాలె. మనింటి తలుపే యాదికొస్తది” అని చెప్పింది. సినిమా చూడడం నాకు వచ్చింది ఆ మాటతోనే.

రెండోసారి ఆ సినిమా చూస్తుండగా తలుపు తట్టిన చప్పుడైంది. సినిమాలోదే అనుకున్నాం. కానీ తెర మీద తల్లీ కూతురూ నిద్రపోతున్నారు. అక్క కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. అక్కడ ఏ చప్పుడూ లేదు. సౌండ్ పూర్తిగా తగ్గించింది. అప్పుడు మళ్ళీ తట్టారు, మా తలుపే.

నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. తనే వెళ్ళి తీసింది. బయట మండే ఎండ. గేటుకు లోపలి గొళ్ళెం వేసినట్టే ఉంది. వాకిట్లో లారీల దుమ్ము మందంగా పేరుకుని ఉంది, దాని మీద అడుగు జాడ లేదు. ఆమె గడప మీద నిలబడి, ఇంట్లో మనిషిని అడిగినట్టు మెల్లగా అడిగింది.

“వచ్చినవా?”

చాలాసేపు ఆగింది. తర్వాత తలుపు వేసి వచ్చి కూర్చుంది.

“తీసి చూసిన చెల్లె. ఎవ్వలు లేరు.”

మిగిలిన సినిమా చూశాం. తెల్లారి బడికి పోయే ముందు మరిదికి ఫోన్ చేసి, కర్మకు ఏర్పాట్లు చూడమంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ కర్మనాడే. ఎందుకు ఒప్పుకున్నావని నేను అడగలేదు. చాన్నాళ్ళకు తనే చెప్పింది: “ఆ సినిమల తల్లి ఆఖరిదాంక తలుపు తియ్యది. నేను తీసిన.”

ఆ తలుపు ఎవరు తట్టారో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఆమె ప్రయత్నించలేదు. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచుకుని బతకొచ్చని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక పత్రికకు సినిమాల మీద రాస్తుంటాను. కెమెరా దేన్ని చూపడానికి ఒప్పుకోవడం లేదో అదే ముందు వెతుకుతాను. మెచ్చుకున్నవాళ్ళకు అది ఆమె నేర్పిన చూపు అని చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

ఆమెను సాగనంపి వచ్చాక అందరం సినిమాలు చూసిన ఆ గదిలోనే కూర్చున్నాం. కరెంటు లేదు. కాసేపటికి వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే టీవీ వెలిగింది. తెర మీద బొమ్మ లేదు, ఒట్టి నీలం. ఆ వెలుగు అందరి మొహాల మీదా పడింది. ఆమె తమ్ముడు కట్టేయడానికి లేచి, స్విచ్ దాకా వెళ్ళి, చెయ్యి వెనక్కి తీసుకుని వచ్చి కూర్చున్నాడు.