దించాక పెట్టిన ఫ్యూజు

మా నాన్న శవాన్ని వీధి దీపం స్తంభం మీంచి దించిన మర్నాడు, పొద్దున పదకొండు గంటలకి, మా మావయ్య చేత అబద్ధం రాయించారు. దీపాల ఆఫీసు పెద్దసారు గదిలో ఫ్యాను జోరుగా తిరుగుతోంది. కాగితం ఎగిరిపోకుండా మావయ్య ఎడంచేత్తో అదిమిపట్టి, సారు చెప్పింది చెప్పినట్టు రాశాడు. "మా బావ స్తంభం మీద ఉండగా నేను పరధ్యానంలో కింద పెట్టెలో ఫ్యూజు పెట్టాను. అందువల్లనే అతను చనిపోయాడు." కింద సంతకం. అక్కడితో విచారణ ముగిసింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదట.

మావయ్య అమ్మకి అన్న. ఆయనా నాన్నా ఒకే జట్టుగా వీధి దీపాల పని చేసేవారు. ఆ చనువుతోనే మావయ్య తన చెల్లెల్ని నాన్నకిచ్చి పెళ్ళి చేశాడు. నాన్న ఎక్కేవాడు, మావయ్య కింద నిలబడేవాడు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసి పెట్టింది కాదు. వీధి మొదట్లో ఉండే స్తంభానికి, నడుమెత్తులో ఒక ఇనప పెట్టె ఉంటుంది. వీధి దీపాలన్నిటికీ కరెంటు వచ్చేది దాంట్లోంచే. ఎక్కేవాడు ఎక్కే ముందు ఆ పెట్టె తెరిచి, ఫ్యూజు పీకి, తన చొక్కా ఎడమ జేబులో వేసుకుంటాడు. అరచేతిలో ఇమిడే నలుచదరపు పింగాణీ బిళ్ళ అది, వెనక రెండు ఇత్తడి పళ్ళు. అది తన జేబులో ఉన్నంతసేపూ కిందనుంచి ఎవడూ కరెంటు ఇవ్వలేడు. దిగాక జేబులోంచి తీసి కిందివాడి చేతిలో పెడతాడు. కిందివాడు పెట్టెలో బిగించి మూత వేస్తాడు. తొమ్మిదేళ్ళు వాళ్ళిద్దరూ అలాగే చేశారు. మాటలు అక్కర్లేదు, బావ కాలు నేలకి తగిలితే మావయ్య చెయ్యి దానంతటదే ముందుకు వచ్చేది.

ఆ రోజు వాళ్ళు వెళ్ళిన ఫిర్యాదు, ఒక వీధిలో దీపాలు పట్టపగలు కూడా వెలుగుతున్నాయని. వీధి చివర ఇరవై రెండు అంతస్తుల బిల్డింగు లేస్తోంది. బిల్డరు మనుషులు దీపాల లైనుకి ఓ దొంగ తీగ తగిలించి, నీళ్ళ మోటారుకీ సైటు బల్బులకీ వాడుకుంటున్నారు. పగలు కూడా కరెంటు కావాలి కాబట్టి దీపాలు ఆర్పే టైమరు పనిచెయ్యకుండా కట్టేశారు. అందుకే ఆ పగటి దీపాలు. ఇదేమీ తెలియని నాన్న, పద్ధతి ప్రకారం ఫ్యూజు పీకి జేబులో వేసుకుని ఎక్కాడు. ఫ్యూజు పీకగానే సైటులో మోటారు ఆగింది. మామూలుగా కరెంటు పోయిందనుకుని అక్కడివాళ్ళు జనరేటరు వేశారు. ఆ కరెంటు దొంగ తీగలోంచి వెనక్కి, దీపాల లైనులోకి వచ్చింది. నాన్న చెయ్యి అప్పటికి తీగ మీద ఉంది.

నడుముకి బెల్టు ఉంది కాబట్టి పడిపోలేదు. స్తంభాన్ని కావిలించుకున్నట్టు వేలాడాడు. మావయ్య సైటు వైపు అరుచుకుంటూ పరిగెత్తాడు. జనరేటరు ఆపించి, తిరిగి వచ్చి, నిచ్చెన ఎక్కి, దారిన పోయేవాళ్ళ సాయంతో దించేసరికి పావుగంట. పేవ్‌మెంటు మీద పడుకోబెట్టారు. గుండె మీద చెవి పెట్టి విన్నాడు. తర్వాత బావ జేబులోంచి ఫ్యూజు తీశాడు. పెట్టె దగ్గరికి వెళ్ళి, బిగించి, మూత వేశాడు.

ఎందుకు పెట్టాడంటే, బావ కిందికి వచ్చాడు, ఫ్యూజు పెట్టాలి. అంతే. తొమ్మిదేళ్ళుగా చెయ్యి నేర్చుకున్న పని చెయ్యి చేసేసింది. పోలీసులు వచ్చేటప్పటికి ఫ్యూజు పెట్టెలో భద్రంగా ఉంది. దొంగ తీగ మాయమైపోయింది.

"ఫ్యూజు పెట్టింది నువ్వేనా?" అని అడిగాడు పెద్దసారు.

"నేనే సార్."

"ఎప్పుడు?"

"బావని దించాక."

"పక్కన మనిషి చచ్చిపడి ఉంటే ఫ్యూజు పెట్టేవాడు ఎవడైనా ఉంటాడా? నువ్వే చెప్పు, ఉంటాడా?"

మావయ్య ఆలోచించాడు. నిజమే, ఎవడూ ఉండడు.

"జనరేటరు వేశారు సార్. నేను విన్నాను."

"మనవాళ్ళు వెళ్ళి చూశారయ్యా. తీగా లేదు, తోరణమూ లేదు. చూడు, పొరపాటైపోయిందని రాస్తే డ్యూటీలో ప్రమాదం కింద పోతుంది. నీ చెల్లెలికి ఆఫీసులో ఉద్యోగం ఇప్పిస్తాను. లేదు, బిల్డరు మీద కేసు అంటావా, పదేళ్ళు తిరుగు. ఈలోగా అది పిల్లాణ్ణేసుకుని ఏం తింటుంది, నీ పద్ధతులా?"

ఆ బిల్డింగులో పదకొండో అంతస్తులో పెద్దసారుకి ఒక ఫ్లాటు వచ్చిందని తర్వాత అందరికీ తెలిసింది. అందరికీ తెలిసిన విషయాన్ని ఈ లోకంలో ఎవరూ పట్టించుకోరు.

ఇలాంటివాళ్ళని పుస్తకాల్లో త్యాగమూర్తులంటారు. నేను చాలా పుస్తకాలే చదివాను. మావయ్య త్యాగమేమీ చెయ్యలేదు. అడిగినదానికి జవాబు దొరక్క రాశాడు.

అమ్మకి ఉద్యోగం వచ్చింది. దీపాల ఆఫీసులోనే, గదులు ఊడ్చి టేబుళ్ళు తుడిచే పని. మావయ్యకి ఉద్యోగం పోలేదు. అది ఆయనకి పడిన శిక్ష. ఎందుకంటే ఆ రోజు తర్వాత ఆయన కింద నిలబడితే స్తంభం ఎక్కడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. "నువ్వెక్కు, నేను కింద ఉంటా. నాకింకా పెళ్ళాం బిడ్డలున్నారు," అనేవాళ్ళు. దాంతో ఇరవై రెండేళ్ళు ఆయనే ఎక్కాడు. వానలో ఎక్కాడు, జ్వరంతో ఎక్కాడు, మోకాళ్ళు అరిగి చప్పుడు చేస్తుంటే ఎక్కాడు. ఆయన పేరు పైవాడు అయింది. ఎక్కడైనా లైను బాగుపడితే "అంతా పైవాడి దయ" అని నవ్వేవాళ్ళు. ఆయన ఎదురైతే మాట్లాడకుండా ఎడమ జేబు మీద రెండుసార్లు తట్టుకునేవాళ్ళు, ఫ్యూజు భద్రంగా ఉందా లేదా అని చూసుకుంటున్నట్టు. కొత్తగా చేరినవాళ్ళకి ముందు నేర్పే పని అదే.

పెళ్ళి కాలేదు. చెల్లెలి మొగుణ్ణి మింగినవాడికి పిల్లనెవరిస్తారు?

ఏటా ఒకసారి మా గుమ్మంలోకి వచ్చేవాడు. లోపలికి కాదు, గుమ్మంలోకి. చెప్పులు మెట్టు కిందే విడిచి నిలబడేవాడు.

"ఒక్క మాట చెప్పి పోతానే," అనేవాడు అమ్మతో.

ఆయన బతుక్కి కావలసింది అదొక్కటే అయిపోయింది. బావని దించాకే ఫ్యూజు పెట్టానని చెల్లెలికి తన నోటితో చెప్పడం, ఆవిడ వినడం. ఆఫీసులో ఎవరేమనుకున్నా పట్టేది కాదు.

అమ్మ చెప్పనిచ్చేది కాదు. "మీటరు లోపలుంది, వచ్చి దాంట్లోనూ ఫ్యూజు పెట్టు. ఇంట్లో ఇంకా ఇద్దరం మిగిలే ఉన్నాం," అనేది. ఒకసారి బకెట్టు నీళ్ళు తెచ్చి, ఆయన నిలబడి ఉండగానే మెట్లు కడిగింది. ఆయన ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ వీధిలోకి వచ్చాడు. మళ్ళీ ఏడాది మళ్ళీ వచ్చాడు.

నేను అమ్మ కొడుకుని. పదిహేడో ఏట ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తుంటే స్తంభం పైన ఆయన కనిపించాడు. కింద ఉండాల్సినవాడు టీ కొట్టుకి పోయాడు. నేను పుస్తకాల సంచీ కింద పెట్టి, నిచ్చెన తీసి, గోడ పక్కన నేలమీద పడుకోబెట్టి నడిచాను. వెనకనుంచి కేక వస్తుందనుకున్నాను. వచ్చింది.

"ఒరే అల్లుడూ, సంచీ మర్చిపోయావు."

వెనక్కి వెళ్ళి సంచీ తీసుకున్నాను. నిచ్చెన ముట్టుకోలేదు. ఆయన్ని దించడానికి రెండు గంటలు పట్టిందని తర్వాత విన్నాను. ఎవరు తీశారని అడిగితే గాలికి పడిందన్నాడట. ఇంట్లో చెబితే అమ్మ ఆ పూట నాకు కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.

ఇప్పుడు నేను పనిచేసేది దీపాల కంట్రోలు రూములో. ఊళ్ళో దీపాలన్నీ తెర మీద చుక్కలు. ఒక్క నొక్కుకి వీధులు వెలుగుతాయి. కిటికీలోంచి చూస్తే ఆ ఇరవై రెండు అంతస్తులు ఎదురుగా కనిపిస్తాయి. కిందటేడు పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితాలు ముక్కలు చేసే యంత్రంలో వెయ్యమన్నారు. మూడో వారంలో నాన్న ఫైలు వచ్చింది.

మావయ్య చేతిరాత, సారు సంతకం. దాని వెనక శవపరీక్ష కాగితం. ఎవడూ చదవలేదని మడతలు చూస్తేనే తెలుస్తోంది. నాలుగో వరసలో డాక్టరు రాశాడు: ఎడమ రొమ్ము మీద నలుచదరంగా కందిన గుర్తు, దాని మధ్యలో సమాంతరంగా రెండు చిన్న గాట్లు, కారణం తెలియదు.

డాక్టరుకి తెలియదు, ఆయన స్తంభాలెక్కలేదు. నాన్న పావుగంటసేపు స్తంభానికి అదుముకుని వేలాడాడు. గుండెకీ స్తంభానికీ మధ్య, జేబులో, ఫ్యూజు ఉంది. పెట్టెలో లేదు. మావయ్య మొదట చెప్పిందే నిజం.

కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. అమ్మ నేలమీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చదివి వినిపించాను, అర్థమయ్యేలా చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"జనరేటరు సంగతి. ఆ బిల్డింగు వాచ్‌మన్ పెళ్ళాం కుళాయి దగ్గర చెప్పింది. నువ్వప్పుడు రెండో క్లాసు."

"మరి మావయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే? ఆయన ఊరుకుంటాడా, తగువుకి పోతాడు. నా ఉద్యోగం ఊడేది. నీ ఫీజులు ఎవడు కట్టేవాడు, ఆ పెద్దసారా?"

"నీ ఉద్యోగం పర్మనెంటయి పదిహేనేళ్ళయింది కదమ్మా."

అమ్మ ఒక కాయ విరిచి, పురుగుందేమో చూసి, పక్కన పడేసింది.

"అప్పటికి అలవాటైపోయింది. పెద్దసారుని తిట్టడానికి నాకు నోరెక్కడిదిరా, రోజూ ఆయన టేబులు తుడిచేదాన్ని. అన్నయితే పడతాడు." ఇంకో కాయ తీసుకుంటూ, "నిచ్చెన తీసింది నేనా?" అంది.

మర్నాడు మావయ్య గదికి వెళ్ళాను. రిటైరయ్యాక మూడో అంతస్తులో ఒంటరి గది తీసుకున్నాడు. ఆ మోకాళ్ళకి మూడో అంతస్తేమిటని అడిగితే, కింద ఉంటే నిద్రపట్టదన్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు. ఇన్నేళ్ళలో మేం ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు. ఆ తర్వాత నెలలోనే ఆయన పోయాడు. అమ్మ చూడటానికి రాలేదు. ఇప్పటికీ తిడుతుంది, కరెంటు పోయినప్పుడల్లా.

కాగితం చదివాను.

"కందిన గుర్తా? ఏ పక్క?"

"ఎడమ."

ఆయన చెయ్యి ఎడమ జేబు మీదికి వెళ్ళింది. "గాట్లు రెండేనా? నిలువుగానా, అడ్డంగానా?"

"రెండే. ఏదీ రాయలేదు."

"మళ్ళీ చదువు."

చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అయితే నేను దించాకే పెట్టానన్న మాట," అన్నాడు.

"నీకు తెలియదా?"

"మొదట్లో తెలుసురా. అందరూ అదే మాట అంటుంటే, నా చేత్తో రాసింది నాకే చూపిస్తుంటే, నాకే అనుమానం వచ్చేసింది. ఏమో, పరధ్యానంలో ముందే పెట్టానేమో అని. ఒక పదేళ్ళయి ఉంటుంది. పైకెక్కినప్పుడల్లా అదే ఆలోచన. మీ అమ్మ దగ్గరికి వచ్చేవాణ్ణి కదా, చెప్పాలని కాదు. చెప్తే నమ్ముతుందేమో, అది నమ్మితే నేనూ నమ్మచ్చని."

లేచాడు. మేకుకి ఉన్న ఉతికిన చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చెప్పుల కోసం కాలితో వెతుకుతున్నాడు. మొహం చూడలేకపోయాను.

"పద. కాగితం పట్టుకో. డాక్టరు రాసింది కదా, ఈసారి వింటుంది."

ఆ మెట్లన్నీ దిగనిచ్చి, వీధులన్నీ నడవనిచ్చి, మా గుమ్మంలో అమ్మ చేతే చెప్పించవచ్చు. లేదా చెప్పకుండా ఊరుకోవచ్చు. నాకు నిజం మీద చాలా గౌరవం, నన్ను నేను అలాగే పెంచుకున్నాను.

"అమ్మకి తెలుసు మావయ్యా. నా రెండో క్లాసు నుంచీ తెలుసు."

ఆయన వేళ్ళు మూడో గుండీ దగ్గర ఆగాయి. మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూశాడు. సాయంత్రం ఇంకా కాలేదు. ఎదురు వీధిలో ఒక దీపం అప్పుడే వెలిగి ఉంది, బహుశా మా కంట్రోలు రూము తప్పే. ఆయన దాన్ని చూశాడో లేదో తెలియదు. పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటే విప్పేశాడు. చొక్కా తీసి, మడత నలగకుండా మళ్ళీ మేకుకి తగిలించాడు.

"నాకు తెలిసిందని మీ అమ్మతో అనకు," అన్నాడు. "తిట్టనీ. నన్ను తిట్టడం మానేసిందంటే, ఇంట్లో దాని నోటికి మిగిలేది నువ్వే."