అన్నయ్య హోటల్లో కూర

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ట్యాక్సీ ఎక్కగానే ఎక్కడ తినాలి, ఎక్కడ తిరగాలి అని డ్రైవర్నే అడిగేవారు. అతనికి మొహమాటం లేదు. "ఆ పార్కులో బెంచీలు తప్ప ఏం లేవండి. ఆ పెద్ద హోటల్లో బిల్లు దీపాలకే, తిండికి కాదు," అని మొహం మీదే చెప్పేవాడు. సొంత అన్నయ్య హోటల్ మాటొస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. వదిన పోయినప్పటి నుంచి అక్కడ కూర చప్పగా ఉంటోంది. జనం పలచబడ్డారు.

ఒక మధ్యాహ్నం ఖాళీ బల్లల మధ్య తమ్ముడికి వడ్డిస్తూ అన్నయ్యే అడిగాడు.

"ఊళ్లో హోటళ్లన్నిటికీ వంకలు పెడతావు. మనదాని సంగతి చెప్పవేంరా? ఇలాగైతే మూసుకోవాల్సిందే."

"ఉప్పు చాలట్లేదు అన్నయ్యా. రోజూ చాలట్లేదు."

అన్నయ్య గరిటె గిన్నెలో పెట్టేశాడు. "నాకూ చప్పగానే ఉంటోంది. దిగులుతో నా నోరే చవి చచ్చిందనుకున్నా."

ఇన్నేళ్లూ వండేటప్పుడు అన్నయ్య ఉప్పు సగమే వేసేవాడు. దించే ముందు వదిన రుచి చూసి మిగతాది కలిపేది. ఆమె లేకపోయినా అతని చెయ్యి ఇంకా సగం దగ్గరే ఆగిపోతోంది.

తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వంటింట్లోకి వెళ్లి, అన్నయ్య గుప్పెడు ఉప్పు తీసి కూర గిన్నె మీద పట్టుకున్నాడు. వెయ్యలేదు.

"ఎంత వేసేదిరా మీ వదిన? నేనెప్పుడూ చూడలేదు."

తమ్ముడికీ తెలియదు. ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడి చిటికెడు వెయ్యడం, రుచి చూడడం, మళ్లీ చిటికెడు వెయ్యడం. ఉప్పు సరిపోయింది. అయినా ఇద్దరిలో ఎవరూ బాగుందనలేదు.