ఉప్పెక్కిన బావులు

మా లెక్కల మేడం పోయారని కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. బతికుండగా ఆమె తరఫున ఒక్క మాట మాట్లాడనివాళ్లే ముందు పెట్టారు.

పొన్నూరు చేలల్లో నాట్లు వేసిన తల్లికి పుట్టిన బిడ్డ ఆమె. ఒంగోలులో మాకు అప్లయిడ్ మాథ్స్ చెప్పేవారు. ఆదివారం చర్చికి వచ్చినా చీరకొంగుకి సుద్ద మరక ఉండేది. "బోర్డు మీద తేలిన జవాబు బావి దగ్గర కూడా తేలాలమ్మాయ్" అనేవారు. తీరంలో మంచినీళ్లు అదేపనిగా తోడితే, ఇసుక అడుగున సముద్రం ఎంత లోపలికి వస్తుందన్నదే ఆమె పరిశోధన. దాని కోసం నన్ను వెంటబెట్టుకుని కొత్తపట్నం వైపు ఒక పల్లెకు వెళ్లి, బావి నీళ్లు సీసాల్లో పట్టేవారు. ఒక గుక్క తాగి, "ఇంకా తియ్యగానే ఉన్నాయి" అని చిన్నపిల్లలా సంబరపడేవారు. చదువంటే ఇష్టం నాకు అక్కడే పుట్టింది.

లెక్క తేలాక ఊరివాళ్లను కూర్చోబెట్టి చెప్పారు. "రొయ్యల చెరువులకి బోర్లతో ఇలాగే నీళ్లు తోడితే మీ బావులు ఉప్పెక్కుతాయండీ."

చెరువుల యజమాని నవ్వాడు. "పిల్లలకి ఎక్కాలు చెప్పుకోండి మేడం. నీళ్ల సంగతి మేం చూసుకుంటాం."

ఆయన మా కాలేజీ కమిటీ సభ్యుడు కూడా. మరుసటి ఏడాది, పిల్లలు చేరడం లేదన్న సాకుతో మా విభాగం మూసేశారు. ఆమెను ఇంటర్ పిల్లల కోచింగ్‌కి వేశారు. కోర్టుకు వెళ్దామన్నాను.

"లెక్క తప్పని ఎవరూ అనలేదుగా. వినలేదు, అంతే" అన్నారు. ఆ తర్వాత పరిశోధన ఊసెత్తలేదు.

సంతాపసభలో ఆ యజమానే మైకు పట్టుకుని మేడం ముందుచూపు గురించి మాట్లాడాడు. అందరూ తలలూపారు. వినలేక లేచి, బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాను.

బావి మీద ముళ్లకంప వేసి ఉంది. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె నన్ను గుర్తుపట్టింది.

"టీచరమ్మ రాలేదే?"

పోయారని చెప్పాను. ఆమె చంకలోని బిందె కింద పెట్టింది.

"ఆయమ్మ లెక్క తప్పినా బాగుండేదమ్మా" అంది.

అంతలో ట్యాంకరు వచ్చింది. అందరూ పరుగెత్తారు. పైపు అతుకు దగ్గర కారుతున్న నీళ్ల కింద ఒక ముసలామె సత్తు గిన్నె పట్టుకుని, కదలకుండా నిలబడింది.