కొమ్ములు రాకుండా

సత్యశ్రీ గాజువాకలో ఒక హైస్కూల్లో ఆటల టీచరు. ఆవిడ విజిల్ వేస్తే రోడ్డు మీద షేర్ ఆటోలు కూడా ఆగుతాయని పిల్లలు వేళాకోళం చేస్తారు. పిల్లల్ని నవ్వించడమంటే ఆవిడకు సరదా. ఆ సరదాయే కొంప ముంచింది.

ఆ రోజు ఖోఖోలో ఆరో తరగతి సనోబర్, నీలిమ తలలు ఠంగున గుద్దుకున్నాయి. నీలిమ లేచి దులుపుకుంది. సనోబర్ మాత్రం దిక్కులు చూస్తూ నిలబడిపోయింది. ఎక్కడ ఏడుస్తుందోనని, ఒక్కసారే గుద్దుకుంటే కొమ్ములొస్తాయర్రా అంటూ సత్యశ్రీ ఇద్దరి తలలూ పట్టుకుని తన చేతులతోనే ఇంకోసారి ఢీకొట్టించింది. అందరూ పకపకా నవ్వారు. సాయంత్రానికి సనోబర్ వాంతులు చేసుకుని ఆస్పత్రిలో చేరింది. మెదడు అదిరిందన్నారు.

పిల్ల మళ్లీ బడికొచ్చే ముందు, తోటి టీచర్లకు జాగ్రత్తలు చెప్పే పని హెడ్మాస్టరు సత్యశ్రీకే అప్పగించాడు. డాక్టరు చెప్పినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. కొన్నాళ్లు ఒంటిపూట చాలు, బోర్డు మీదవి అదేపనిగా రాయించొద్దు, తలనొప్పి వస్తే చీకటిగా ఉన్నచోట పడుకోనివ్వాలి, పూర్తిగా తగ్గేదాకా తలకు ఇంకో దెబ్బ తగలకూడదు. ఆ చివరి మాట దగ్గర దగ్గు నటించి గట్టెక్కింది, సిగ్గులేని మనిషి.

లెక్కల జగ్గారావు మాస్టారికి ఇదేమీ ఎక్కలేదు. ఒక్క గుద్దుకే ఇంత రాద్ధాంతమా, అంతా హోంవర్కు ఎగ్గొట్టే వేషం అన్నాడు. మర్నాడు బల్ల మీద తలవాల్చిన సనోబర్‌ను లేపి నిలబెట్టాడు. సత్యశ్రీ పరుగున వెళ్లి, పిల్లను ఆటసామాన్ల గదిలోకి తెచ్చి పడుకోబెట్టింది. పిల్ల కళ్లు తెరవకుండానే అడిగింది.

"రెండోసారి గుద్దుకున్నాం గదా టీచర్, మరి తగ్గట్లేదేటి? ఒక్క దెబ్బేనా అని డాక్టరమ్మ అడిగింది. ఒకటే అన్నాను నాను. మిమ్మల్ని తిడతారని."

సత్యశ్రీకి భూమిలోకి కుంగిపోవాలన్నంత సిగ్గేసింది. పదకొండేళ్ల పిల్ల, అంత నొప్పిలోనూ తన పరువు కాపాడుతోంది.

మధ్యాహ్నం తల్లి చాంద్ సుల్తానా పిల్లను తీసుకెళ్లడానికి వచ్చింది. మా పిల్లను మీరే కనిపెట్టుకుని ఉన్నారంట మేడమ్ అంటూ సత్యశ్రీ చేతులు పట్టుకుంది. సత్యశ్రీ ఆ చేతులు విడిపించుకుంది. స్టాఫ్ రూమ్ కిటికీలోంచి జగ్గారావు చూస్తున్నాడు. చూడనీ, విననీ అనుకుంది.

"డాక్టరు దగ్గరికి నానూ వత్తానమ్మా. తగిలింది ఒక్క దెబ్బ కాదు. రెండోది నాను కొట్టించిందే."

చాంద్ సుల్తానా, సత్యశ్రీ పక్కనున్న పిల్లను మెల్లగా తనకు అవతలి వైపుకు మార్చుకుంది.