ఎర్రన్న తలపాగాలో ప్రోటీను

కూర్మారావు మాస్టారి కంట పొడుగాటి వస్తువేదైనా పడిందా, అది ప్రోటీను అయిపోవాల్సిందే. తాడైనా, తలపాగా అయినా, పక్కింటావిడ ఆరేసిన చీరైనా సరే.

శ్రీకాకుళంలో ఓ కాలేజీలో ఆయన కెమిస్ట్రీ లెక్చరరు. బొబ్బిలిలో ఓ పెళ్లికెళ్లి, పెళ్లికొడుకు మెడలో దండ లాక్కుని పురోహితుడికి పాఠం మొదలెట్టారట.

“చామంతి, మల్లె, మల్లె, కనకాంబరం! అమైనో ఆమ్లాలు ఇలాగే ఓ వరసలో ఉంటాయి పంతులుగారూ. వరస మారితే ప్రోటీనే మారిపోతుంది. ప్రోటీను నిర్మాణంలో ఇది మొదటి అంతస్తు.”

“ముహూర్తం దాటిపోతన్నాదండీ!”

“ఆగండి, ఇంకా మూడంతస్తులున్నాయి!”

క్లాసులో అటెండరు ఎర్రన్న తలపాగాకి దిక్కులేదు. దాన్ని ఊడబెరికి, స్ప్రింగులా మెలిపెట్టి “రెండో అంతస్తు” అనేవారు. ఆ మెలికల్నే ఉండచుట్టి “మూడోది” అనేవారు. అలాంటి ఉండలు నాలుగు కలిస్తే నాలుగో అంతస్తు, అంటే నెత్తుట్లో ఉండే హీమోగ్లోబిన్. అందుకని తోటమాలి తలపాగా, వాచ్‌మన్ తలపాగా, ఆఖరికి ప్రిన్సిపాలుగారి ఉత్తరీయం కూడా వచ్చేవి. క్లాసు పడీపడీ నవ్వేది.

వెనక బెంచీలో లక్ష్మణమ్మ మాత్రం నవ్వేది కాదు. సముద్రపుటొడ్డున వలలు అల్లే ఇంటి పిల్ల. ఇంగ్లీషు పుస్తకం అర్థమయ్యేది కాదు గానీ, తలపాగా అర్థమయ్యేది.

అరవైతొమ్మిదిలో ఆఖరి పరీక్ష. తప్పితే మళ్లీ చదివించే ఓపిక ఇంట్లో లేదు. వాల్తేరు యూనివర్సిటీ నుంచి టై కట్టుకొచ్చిన ఎగ్జామినరు, ప్రోటీన్ల నిర్మాణం గురించి ఇంగ్లీషులో అడిగాడు. లక్ష్మణమ్మ ఆయన మెడలోని టై వంక చూసింది. మరుక్షణం చెయ్యి చాచింది.

“సార్, మీ టై ఓపాలి ఇస్తారేటండి?”

ఆయన బిత్తరపోయి విప్పి ఇచ్చాడు. చారల వరస చూపించింది. మెలిపెట్టింది. ఉండచుట్టింది. “నాలుగో అంతస్తుకి ఇలాటియి ఇంకో మూడు టైలు కావాలండి.”

ఎగ్జామినరు నవ్వాపుకోలేక మార్కులు వేసేశాడు.

బయట ఆమెని ఎర్రన్న పట్టుకున్నాడు. “మాస్టారు సెప్పొద్దన్నారు గానీ సెప్తాను తల్లీ. మొదటేడు నువ్వు ఇంగ్లీషులో తడబడితే క్లాసంతా నవ్వినారు, గ్యాపకముందా? అందాకా ఆయన సుద్దముక్క తప్ప ఏదీ ముట్టుకునేవోరు కాదు. మర్నాడే నా తలపాగా లాగినారు. ఆ నవ్వులన్నీ ఆయన మీదకి తిప్పేసుకున్నారు.”

లక్ష్మణమ్మ తిన్నగా స్టాఫు గదికెళ్లింది.

“మాస్టారూ, ఆ తమాసాలన్నీ నాకోసమేనేటండీ?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నీకోసమేటి? అసలు నాకే ఇంగ్లీషు రాదు. ఇన్నాళ్లూ నీ చాటున బతికేశాను. ఎవరితోనూ అనకు!”

ఆయన ఇంగ్లీషుకి మద్రాసులో మెడల్ ఇచ్చారని కాలేజీ అంతటికీ తెలుసు. లక్ష్మణమ్మ పకపకా నవ్వేసింది. ఆ కాలేజీలో ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.