టెర్మినల్ అన్న మాట

మా ఇంగ్లిష్ సార్ పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. "గిట్లెట్లయింది మేడం?" అన్నాను. "అదేంటి బాబూ, డాక్టర్లు టెర్మినల్ అన్నారని నీకు ఆయనే ఫోన్లో చెప్పారుగా" అన్నారు. ఆ ఫోను నాకు గుర్తుంది. నేను విన్నది వేరు.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో సార్ ఓ కిరాయి గదిలో మాకు ఇంటర్వ్యూల కోసం ఇంగ్లిష్ నేర్పేవారు. రాజమండ్రి వైపు మనిషి. ఈరోజు చెకిన్ కౌంటర్లో కూర్చున్నానంటే ఆయన పుణ్యమే. లూజ్‌కీ లూస్‌కీ తేడా తెలియని మొద్దులం మేము. "చొక్కా వదులైతే లూస్‌రా. లూజ్ అంటే పోగొట్టుకోవడం. మీరంతా చొక్కాలు పోగొట్టుకుని తిరుగుతున్నారు" అని ఆయనే ముందు నవ్వేవారు. తప్పు మాట చెవిన పడితే చాలు, కళ్లజోడు తీసి "ఏదీ, మళ్లీ అను" అనేవారు. బస్సులో కండక్టర్ని కూడా వదల్లేదు.

ఓ రోజు టెర్మినల్ మాట వచ్చింది. విమానాలెక్కే చోటు అన్నాను. "లాటిన్‌లో టెర్మినస్ అంటే హద్దురాయి. మీ పొలం గట్టున ఉంటుందే, అది" అన్నారు.

"మా రాయి పీకేసిండ్రు సార్. ఇప్పుడాడ రన్‌వే ఉంది."

ఆయన నవ్వలేదు. బోర్డు తుడుస్తూ, ఇక నయం కాని జబ్బుకీ డాక్టర్లు ఆ మాటే వాడతారని చెప్పారు. ఇంటర్వ్యూలో అది అడగరు కదా అని నేను రాసుకోలేదు.

పోయిన నెల నేను డ్యూటీలో ఉండగా సార్ ఫోన్ చేశారు. నా ముందు దుబాయి ప్యాసింజర్ల లైను, నెత్తిన అనౌన్స్‌మెంట్లు. ఆ గోలలో టెర్మినల్ అన్న ఒక్క మాటే వినపడింది.

"ఏ గేటు కాడున్నరు సార్? జర ఆగుండ్రి, డ్యూటీ అయినంక వస్త."

"గేటు దాకా ఇంకా రాలేదులే. నువ్వు పని చూసుకో" అని పెట్టేశారు.

నన్ను మళ్లీ అనమనలేదు. మీరే చెప్పండి, ఎవరి తప్పూ వదలని మనిషి నా తప్పు ఎందుకు వదిలేశారు? అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

ఆ రోజు డ్యూటీ దిగాక నిజంగానే వెతికాను. లోపలా బయటా తిరిగాను. సూట్‌కేసు పక్కన కూర్చున్న ఓ పెద్దాయన వెనకనుంచి సార్‌లా కనిపిస్తే పరుగెత్తాను. కాదు. విమానం ఎక్కేసుంటారు, ఎక్కడికెళ్లారో తిరిగొచ్చాక అడుగుదాంలే అనుకుని, ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.